చప్పుడు చెయ్యని డ్రమ్ములు

మా పైవాటాలో ఉండే ఎవరార్దో మాస్టారు సిగరెట్లు మానేశాడు. మానేస్తే మంచిదే. కానీ ఆయన చేతులు ఊరుకోలేదు. బడిలో బల్ల మీద, బస్సులో ముందు సీటు మీద, మా మెట్ల కమ్మీ మీద, ఎక్కడ పడితే అక్కడ వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు. చేతులకి ఏదైనా పని కల్పించుకోమని డాక్టరు చెప్పాడట. ఇంకొకరైతే కుండీల్లో మొక్కలు పెంచుకునేవారు. ఈయనకి మాత్రం చిన్ననాటి కోరిక ఒకటి గుర్తొచ్చింది. నడివయసులో డ్రమ్ములు నేర్చుకుంటానంటూ తీపిరొట్టెల సంచీ పట్టుకుని వచ్చి మా తలుపు తట్టాడు.

మామూలు డ్రమ్ములు కావట, ఎలక్ట్రానిక్ డ్రమ్ములట. కొట్టేది రబ్బరు మీదా, వల మీదా. మోతంతా తీగలోంచి కొట్టేవాడి చెవుల్లోకే పోతుందట. కింద ఉన్న మాకు ఈగ వాలినంత చప్పుడు కూడా రాదని గుమ్మంలో నిలబడి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. వెనక్కి తిరిగి మా అక్క వంక చూశాను. ఆవిడ ఎప్పటిలాగే, వేలాడే లైటు కనిపించే చోట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

మా అక్క పేరు రెఫూహియో. పోర్తలెస్ పేటలో మా వీధంతా కూకా అనే పిలుస్తారు. పడుచుతనంలో ఊరి నడిబొడ్డున ఒక కుట్టు కార్ఖానాలో పని చేసేది. ఎనభై అయిదు సెప్టెంబరులో భూమి కదిలిన పొద్దున ఆవిడ అప్పుడే మిషను ముందు కూర్చుంది. కాళ్ళ కింద మొదటి దెబ్బ తగలగానే చేతిలో గుడ్డ పారేసి మెట్లకేసి పరుగెత్తింది. పక్క మిషను అమ్మాయి నవ్విందట. ఆ వరసలోంచి ప్రాణాలతో వీధిలోకి వచ్చింది మా అక్క ఒక్కతే. అప్పటి నుంచి ఆవిడ కాళ్ళు ఆవిడ మాట వినడం మానేశాయి. నేల వణికిందంటే చాలు, బుర్రకి తెలిసేలోపు మెట్లు దిగేస్తుంది. మాలో ఎవరైనా చెప్పులు వెతుక్కునేసరికి ఆవిడ వీధిలో ఉంటుంది.

ఈ ఊళ్ళో నేల కదలడం కొత్తేమీ కాదు. ప్రతి ఇంట్లోనూ లైటు ఊగుతోందేమోనని తలెత్తి చూసేవాళ్ళే. కానీ మా అక్కకి చెత్త లారీ వెళ్ళినా భూకంపమే, పక్కింట్లో బట్టల మిషను తిరిగినా భూకంపమే. కిందటేడు ఒక సిమెంటు లారీకి భయపడి లోపలి లంగాతోనే పరుగెత్తి, మెట్ల మలుపులో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఉక్కు ముక్క వేసి అతికించారు. మరోసారి పడితే ఇక మంచానికే పరిమితమని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. అప్పటి నుంచి ఈ ఇంట్లో నా ఉద్యోగం ఒక్కటే, ఏదీ కదలకుండా చూడడం. బట్టల మిషను అమ్మేసి చేతులతో ఉతుకుతున్నాను. తలుపులు దడాలున వేసేవాళ్ళతో తగువు పెట్టుకున్నాను. ఈ భవనంలో అందరూ నన్ను గయ్యాళి అంటారు. అననివ్వండి. మెట్ల మీద పడేది వాళ్ళ అక్క కాదుగా.

అందుకే కొనేటప్పుడు నేనూ వెంట వస్తానని మాస్టారితో చెప్పాను. నా చెవులతో నేను వినాలి, ఏమాత్రం వినబడినా గిటారు కొనుక్కోవాలి, ఇదీ షరతు. ఆయన కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. మంచి మనిషే పాపం. భార్య వెళ్ళిపోయాక కూడా ఎవరి మీదా విసుక్కోని రకం. అలాంటివాళ్ళని తిట్టడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

శనివారం ఇద్దరం బొలీవర్ వీధికి వెళ్ళాం. కొట్టు పక్కన కొట్టు, అన్నీ వాయిద్యాలే. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఏం చూస్తున్నారు, లోపలికి రండి, అడిగితే పోయేదేముంది అంటూ చెయ్యి పట్టుకు లాగినంత పని చేస్తారు. నేను లగునీల్యా బజారులో పెళ్ళి గౌన్లు అమ్ముతూ సగం జీవితం గడిపినదాన్ని, అమ్మేవాడి నాలుక నాకు కొత్త కాదు. మేం ఎక్కిన కొట్టులో నబోర్ అని ఒక బట్టతల మనిషి ఎదురొచ్చాడు. మొదటిసారా అని మాస్టార్ని అడిగినప్పుడు అతని కళ్ళు మెరిశాయి. తల్లిని వెంట తెచ్చుకోకుండా పెళ్ళికూతురు ఒక్కతే కొట్టుకొస్తే మా కళ్ళూ అచ్చం అలాగే మెరిసేవి.

ముందు అన్నిటికన్నా చవకది చూపించాడు. అన్నీ రబ్బరు బిళ్ళలే. మాస్టారు పుల్లలతో కొడితే టైరు మీద కర్రతో కొట్టినట్టు టకటకమంది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు కొట్టు మధ్యలో సింహాసనంలా పెట్టిన దాని దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని పెట్టెలో వందల రకాల మోతలున్నాయట. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"ఈయనకి వందల మోతలెందుకు నాయనా?" అన్నాను. "ఒక్కటి సరిగ్గా కొట్టడం వచ్చాక చూద్దాంలే."

నబోర్ నవ్వేశాడు. ఈ ముసలమ్మ ముందు తన ఆటలు సాగవని అర్థమయ్యాక మర్యాదగా నిజం చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాడు మోతల లెక్క చూడకూడదట, రెండు మూడుకి మించి ఎవరూ వాడరట. కొట్టే ముఖాలు వలతో అల్లినవై ఉండాలి. పుల్ల తగిలితే మెత్తగా పైకి లేవాలి, అప్పుడు మణికట్టు నొప్పెట్టదు. ఎదురుగా ఉండే స్నేర్ డ్రమ్ము అరచెయ్యంత ఉంటే లాభం లేదు, అన్నం పళ్ళెమంతైనా ఉండాలి. లేకపోతే రేపు అసలు డ్రమ్ముల ముందు కూర్చున్నప్పుడు చెయ్యి దారి తప్పుతుంది. స్టూలు ఊగకూడదు. హెడ్‌ఫోన్లు చెవుల్ని పూర్తిగా మూసెయ్యాలి. ఇవన్నీ ఉన్నది ఒకటి నల్లగా, పొందికగా, మూలన ఎవరి కంటా పడకుండా ఉంది. మాస్టారు దాని ముందు కూర్చుంటే నాకే ముచ్చటేసింది.

కుడికాలి పెడల్ దగ్గర మాత్రం కాసేపు తేలలేదు. రెండు రకాలున్నాయి. ఒకదానికి సుత్తి ఉండదు, కాలితో నొక్కితే చాలు. రెండోదానికి చిన్న సుత్తి ఉంటుంది, తొక్కినప్పుడల్లా అది లేచి నిలువు ప్యాడ్‌ని కొడుతుంది. సుత్తి లేనిది తొక్కి మాస్టారు మొహం ముడుచుకున్నాడు. బస్సు బ్రేకు తొక్కినట్టుంది గానీ డ్రమ్ము కొట్టినట్టు లేదన్నాడు. రెండోది తొక్కగానే నోరంతా తెరిచి నవ్వాడు. నేను వెనక నిలబడి కళ్ళు మూసుకుని విన్నాను. బాగా కోపంగా కొట్టమన్నాను, కొట్టాడు. దిండు మీద చేత్తో తట్టినంత వినబడింది, అంతే.

"ఇదే తీసుకోండి," అన్నాను.

ఆ కొట్టు నేలమట్టాన ఉంది. కాళ్ళ కింద గచ్చు, గచ్చు కింద మట్టి. మేం ఉండేది మూడో అంతస్తు, ఆయనది నాలుగోది. ఈ సంగతి నాకు తట్టలేదు, మాస్టారికి తట్టలేదు, నబోర్ మమ్మల్ని అడగలేదు. ముగ్గురం చెవులతోనే కొన్నాం.

ఆదివారం పెట్టెలు పైకి చేరాయి. మధ్యాహ్నానికి అన్నీ బిగించి, ఇక మొదలుపెడుతున్నానని మెట్ల మీదనుంచి వంగి చెప్పి వెళ్ళాడు. నేను వంటింట్లో పచ్చి మిరపకాయలు కాలుస్తూ చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఎక్కడో ఎవరో సోఫా దుమ్ము దులుపుతున్నట్టు చిన్న టపటప. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అరికాళ్ళకి తెలిసింది. చెవికి ఏమీ లేదు, కానీ నేల లోపలినుంచి దబ్ దబ్ మని పైకి కొడుతోంది. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. పరుగున ముందుగదిలోకి వచ్చేసరికి వేలాడే లైటు ఊగుతోంది, కుర్చీ ఖాళీగా ఉంది, చేతికర్ర కింద పడి ఉంది, వాకిలి బార్లా తెరిచి ఉంది.

దేవుడి దయ, ఆ రోజు పడలేదు. మా అక్క వీధి మధ్యలో వట్టికాళ్ళతో నిలబడి ఉంది. ఆదివారం కదా, ఎదుట వాళ్ళందరూ గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని కూర్చుని ఈవిడ వంక చూస్తున్నారు. ఎవరూ కదల్లేదు, ఏదీ కదల్లేదు, ఈవిడ ఒక్కతే వణుకుతోంది. మూల బేకరీ ఆవిడ భయం విరగడానికి అలవాటుగా ఒక రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. మా అక్క దాన్ని కొరకలేదు. తల వంచుకుని, "నవ్వుతున్నారే ఫీనా?" అని నన్ను అడిగింది. నా పేరు దెల్ఫీనా. అలా పిలిచేది ఆవిడ ఒక్కతే. ఎవరూ నవ్వట్లేదని చెప్పాను. కొందరు నవ్వుతున్నారు.

పైకి వెళ్ళి తలుపు బాదితే మాస్టారికి వినబడితేగా. తాళం వెయ్యని తలుపు తోసుకుని వెళ్ళి వెనకనుంచి హెడ్‌ఫోన్లు లాగేశాను.

"చప్పుడు వచ్చిందా దెల్ఫీనమ్మగారూ?" అన్నాడు అమాయకంగా.

"చప్పుడు రాలేదు. ఇల్లు కదిలింది. మీరు ఇక్కడ చెవులు మూసుకుని కొట్టుకుంటుంటే మా అక్క అక్కడ వీధిలో వట్టికాళ్ళతో నిలబడింది."

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని పెడల్ని చేత్తో నొక్కి చూశాం. సుత్తి ప్యాడ్‌ని కొడుతుంది, ప్యాడ్ ఇనుప కాళ్ళని కొడుతుంది, కాళ్ళు నేలని కొడతాయి. ఆయన నేల మా పైకప్పు. మర్నాడు నబోర్‌కి ఫోను చేస్తే, చెక్క పలక కింద టెన్నిసు బంతులు సగానికి కోసి పేర్చి దానిమీద మొత్తం నిలబెట్టమన్నాడు. అలాగే చేశాడు మాస్టారు. దెబ్బ సగం తగ్గింది. మిగిలిన సగం లైటు ఊగడానికి సరిపోయింది. సుత్తి లేని పెడల్ కోసం మళ్ళీ ఆ వీధికి వెళ్తే కొట్టులో అదొక్కటే ఉండేదట, అదీ అమ్ముడైపోయింది. మాస్టారు డ్రమ్ములు అమ్మకానికి పెట్టాడు. రెండు రోజులు మెట్ల దగ్గర నా కంటపడకుండా తిరిగాడు. నాకు జాలేసింది గానీ, జాలి చూపిస్తే మా అక్క తుంటి విరుగుతుంది.

అప్పుడు మా అక్కే నోరు విప్పింది. ఆ పెడల్ ఏదో తనకి చూపించమంది.

తుంటి విరిగాక ఆవిడ మా వాటా దాటి పైకి మెట్లెక్కింది అదే మొదటిసారి. అసలు ఎప్పుడూ కిందికి పోయే మనిషే తప్ప పైకి పోయే మనిషి కాదు. నా భుజం మీద బరువంతా వేసి ఎక్కి, స్టూలు మీద కూర్చుని, ముందుకి వంగి పెడల్ని బాగా చూసింది. చెప్పు విడిచి పాదం పెట్టింది.

"కుట్టుమిషను పెడలే కదండీ ఇది మాస్టారూ," అంది. "దీనికా నేను ఇన్నాళ్ళూ పరిగెత్తింది?"

నన్ను కిందికి పంపింది, లైటు చూడమని. నేను మా ఇంట్లో లైటు కింద నిలబడ్డాను. పైనుంచి దెబ్బలు మొదలయ్యాయి. ఎంత తీరుగా పడ్డాయంటే, ఏళ్ళ తరబడి మిషను తొక్కిన పాదం కదా, మాస్టారు అంత సమంగా ఎప్పుడూ కొట్టలేదు. లైటు ఊగింది. ఊగుతోందా అని మెట్లలోంచి అరిచింది. ఊగుతోందని అరిచాను. ఆపేసింది, లైటు ఆగింది. మళ్ళీ తొక్కింది. మా అక్క నవ్వడం నాకు వినబడింది. ముప్పై ఏళ్ళకి పైగా తనని తరిమిన దాన్ని ఇవాళ తనే కాలితో ఆడిస్తోంది. నేను లైటు కింద ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే.

ఆ తరవాత ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. మాస్టారు బడి నుంచి వచ్చి, భోజనానికి ముందు రోజూ ఒకే వేళకి కొడతాడు. ఆ వేళలో నేల కొట్టుకుంటే అది మాస్టారు. మా అక్క కూర్చునే ఉండాలి. నిజం భూకంపమైతే వీధి స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లలో అలారం మోగుతుంది, నేల కదలడానికి ముందే మోగుతుంది, అందుకే కదా దాన్ని పెట్టింది. అలారం మోగితే దిగాలి, మోగకపోతే కూర్చోవాలి. ఎవరికి చెప్పినా సబబుగానే ఉందన్నారు. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

మొదట్లో ఆవిడ కుర్చీ చేతుల్ని వేళ్ళు తెల్లబడేలా పట్టుకునేది. నేను ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని. "మాస్టారే, మాస్టారే," అని గొణుక్కునేది. కొన్నాళ్ళకి నా చెయ్యి తీసెయ్యమంది. ఇంకొన్నాళ్ళకి బఠాణీలు ఒలుస్తూ పైకప్పు వంక చూసి తప్పులు పట్టడం మొదలుపెట్టింది. మాస్టారు అయిపోగానే మెట్లలోంచి వంగి ఎలా ఉంది కూకమ్మగారూ అని అడిగేవాడు. నా మిషను మోటారు కాలిపోయేముందు ఇలాగే కొట్టుకునేదని ఒకరోజు, ఆ మూడో దెబ్బని ఎవరైనా ఎత్తుకుపోతున్నారా అని ఇంకోరోజు, ఈవిడ సమాధానం. ఆయన పడీపడీ నవ్వేవాడు గానీ, ఒక్కసారైనా బాగుందనిపించుకోవాలని ఆయనకెంత ఉండేదో నాకు తెలుసు. మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగేవాడు, కూకమ్మగారు వెనకాల ఏమైనా అన్నారా అని. తను పెదవి విరిచిందని చెప్పమందని చెప్పేదాన్ని. సరే, రేపు చూస్తారుగా అని పైకి పోయేవాడు.

మా అక్క మనిషి మారింది. రాత్రిళ్ళు చెప్పులు విప్పి పడుకోవడం మొదలుపెట్టింది. లారీ వెళ్తే తల కూడా ఎత్తలేదు. వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం భూమి నిజంగానే కాస్త కదిలింది, అలారం మోగేంతది కాదు. భవనంలో సగం మంది వీధిలోకి వెళ్ళొచ్చారు. ఈవిడ కూర్చునే ఉంది. మాస్టారు కాదా అది అని తరవాత ఆశ్చర్యపోయింది. మాస్టారికి ఆ మాట నచ్చలేదు. ఆయన మొహం చూసి మా అక్కే మందలించింది. పరిగెత్తి పడి చచ్చేకన్నా కూర్చుని బతకడం నయం, మీరు మీ పని చూసుకోండి అంది. అలారం ఉందిగా అని నేనూ అనుకున్నాను.

సెప్టెంబరు పంతొమ్మిది వచ్చింది. ఏటా ఆ రోజున ఎనభై అయిదు గుర్తుగా పొద్దున ఊరంతా అలారం మోగిస్తారు, అందరూ కిందికి దిగి నిలబడి మళ్ళీ పైకి పోతారు. అంతకు ముందు ఏళ్ళలో మా అక్క ఆ రోజు అలారం మోగకముందే నిద్రమాత్ర వేసుకుని పడుకునేది. ఈసారి అలారం మోగగానే చేతికర్ర తీసుకుని, నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. వీధిలో అందరితో పాటు నిలబడింది, బేకరీ ఆవిడతో ఉల్లిపాయల ధర గురించి మాట్లాడింది. పైకి వచ్చాక కుర్చీలో కూర్చుని, "చూశావా, పెద్దమనిషిలా దిగాను," అంది. నిజంగా పెద్దమనిషిలాగే దిగింది.

మధ్యాహ్నం నేను భోజనంలోకి మొక్కజొన్న రొట్టెలు, టోర్టియాలు, తేవడానికి వెళ్ళాను. కొట్టు దగ్గర వరసలో నా ముందు మాస్టారు నిలబడి ఉన్నాడు, ఇంకా బడి సంచీ భుజానే ఉంది. పొద్దున అలారం తరవాత పిల్లల్ని మళ్ళీ తరగతుల్లో కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చిందట, అందుకే ఆలస్యమైందట. ఆకలి దంచేస్తోంది, ఇవాళ ముందు భోజనం, డ్రమ్ములు తరవాత అన్నాడు. అలాగే చెయ్యండి, మా అక్కకి కాస్త విశ్రాంతి అన్నాను. అప్పుడే నా ఫోను మోగింది. మా అక్క, పచ్చళ్ళోకి కొత్తిమీర కూడా తెమ్మని. సరేనన్నాను. పెట్టెయ్యబోయాను.

"ఉండవే, మాస్టారు మొదలుపెట్టాడు," అంది. "అబ్బ, ఇవాళ ఎంత బాగా కొడుతున్నాడే. ఒక్క తప్పు లేదు."

నా ముందు మాస్టారు వేడి టోర్టియాలని గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. చాలాసేపు పట్టినట్టే ఉంటుంది నాకు. అలారం మోగలేదు. మూడో అంతస్తుకి తెలిసింది నేల మీదున్న మాకింకా తెలియలేదు, కొట్టు ముందు ఎవరూ కదల్లేదు. లైటు గోడకి తగిలేలా ఉందే, కాస్త నెమ్మదిగా కొట్టమని చెప్పాలి ఆయనకి, అని మా అక్క అంటూనే ఉంది, ఆ గొంతులో భయం లేదు.

"అక్కా," అన్నాను, "మాస్టారు నా పక్కనున్నాడు."

అవతల కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్న చప్పుడు వినబడింది. అప్పుడు మా కాళ్ళ కింద నేల పైకి లేచి పడింది, వరసలో వాళ్ళం అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం, ఆ తరవాత, అంతా ఊగుతుండగా, అలారం మొదలైంది. ఈసారి భూమి మా ఊరికి దగ్గర్లోనే చీలిందట, కబురు పంపడానికి అలారానికి వ్యవధి లేకపోయిందట. తరవాత టీవీలో చెప్పారు.

మేం మూల తిరిగేసరికి మా భవనం ఉన్నచోట దుమ్ము ఉంది. అంతస్తులు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. కింది వాటాల వాళ్ళు, మొదటి దెబ్బకే పరుగెత్తినవాళ్ళు, బూడిద పూసుకున్నట్టు రోడ్డు మీద నిలబడి ఉన్నారు. వాళ్ళలో మా అక్క కోసం చూశాను. ముప్పై ఏళ్ళుగా అలాంటప్పుడు వాళ్ళందరికన్నా ముందు అక్కడుండేది ఆవిడే. అందుకని ఒక్కొక్కరి మొహం తుడిచి మరీ చూశాను.

రాళ్ళూ మట్టీ ఎత్తిపోయడానికి జనం బకెట్లతో బారులు తీరారు. మాస్టారు బడి సంచీ ఎక్కడో పారేసి రాళ్ళ మీదికి ఎక్కాడు. మధ్య మధ్యలో పైనున్నవాళ్ళు పిడికిలి పైకెత్తేవారు. పిడికిలి లేచిందంటే వీధంతా ఊపిరి బిగబట్టి నిలబడాలి, లోపలున్నవాళ్ళు తట్టితే వినబడాలని. లారీల ఇంజన్లు ఆపేసేవారు. చంటిపిల్లల నోళ్ళు మూసేవారు. నేను ఒక సిమెంటు పలక మీద పడుకుని చెవి ఆనించాను. ఒక్క దెబ్బ కొట్టు అక్కా, నేలని ఒక్కసారి కొట్టు అని మనసులో బతిమాలుకున్నాను. ఏమీ రాలేదు. పిడికిళ్ళు దిగేవి, బకెట్లు కదిలేవి.

మర్నాడు తీశారు. ఇంట్లో లేదు, మెట్ల మీద ఉంది, మొదటి అంతస్తు మలుపులో. చేతికర్ర లేదు, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఉంది. ఉక్కు ముక్క వేసిన తుంటితో అంతదూరం దిగింది. ఇంకొక్క వరస మెట్లు దిగితే వీధి.

నాకు దుప్పటి కప్పి రోడ్డు అంచున కూర్చోబెట్టారు. మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు. గోళ్ళన్నీ ఊడిపోయి చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. నన్ను అడిగాడు.

"ఫోన్లో ఏమన్నారమ్మా కూకమ్మగారు? నేను మీ పక్కనున్నానని చెప్పారు కదా, అంతకు ముందు ఏమన్నారు?"

అబద్ధం చెప్పొచ్చు. కొత్తిమీర తెమ్మందని చెప్తే అది అబద్ధం కూడా కాదు. కానీ ఆయన రోజూ మెట్ల దగ్గర అడిగిన మాట అది, ఆవిడ ఎన్నడూ చెప్పని జవాబు అది. దాన్ని నేనొక్కదాన్నే మొయ్యలేకపోయాను.

"మాస్టారు ఇవాళ ఎంత బాగా కొడుతున్నాడే అంది," అన్నాను. "ఒక్క తప్పు లేదంది."

ఆయన నా వంక చూశాడు. విన్నది అర్థమయ్యాక నా పక్కనే రోడ్డు మీద కూలబడ్డాడు. నేను దుప్పటి సగం ఆయన మీదికి లాగాను.